చంటిబిడ్డకు మంచిచెడ్డలు తెలియునా?

ఏడాది నిండిన పసిపాప యొకతె అరుగుమీద కూర్చుండి జంతికముక్క చప్పరించుచుండును. తాతగారు ఎదుట కూర్చుండి, చేయి చాచి, "తాతకేదమ్మా?" యని యడుగును. పాప ఒక్క క్షణకాలము ఆయన మొగమువంక చూచును. పిదప తడిసిన యా ముక్కను తాతగారి నోటికందించును. ఆయన తినినట్లు నటించి, "మా తల్లి బంగారము" అని మెచ్చుకొని, దానిని తిరిగి పాప చేతిలోనే పెట్టును. ఆ సాయంకాలమున అదే పాప అన్న చేతిలోని బొమ్మను లాగుకొనును. అతడు దానిని తిరిగి తీసికొనబోగా ఇల్లు ఎగిరిపోవునట్లు ఏడ్చును. ఇట్టి సంగతి జరుగని తెలుగిల్లు ఉండదు.

ఉదయము పెట్టినదియు, సాయంకాలము లాగుకొన్నదియు ఒకే చేయి. పెట్టుట మంచిదనియు, లాగుకొనుట చెడ్డదనియు ఆ చేతికి తెలియునా? తెలిసినచో దానిని తాతగారు నేర్పిరా, లేక పాప తనతో తెచ్చుకొన్నదా?

మన పెద్దలు ఈ విషయమున రెండు సామెతలు చెప్పుదురు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అనునది ఒకటి. "మొక్కై వంగనిది మానై వంగునా?" అనునది రెండవది. గుణము పుట్టుకతోనే వచ్చునని మొదటి సామెత చెప్పుచున్నది. లేతవయసున మనము వంచినట్లే అది వంగునని రెండవది చెప్పుచున్నది. ఒకే అవ్వ ఒకే దినమున, ఒకే మనుమని గుఱించి ఈ రెండు మాటలును చెప్పుట మనము వినుచుందుము. రెండింటిలో ఏది నిజము?

ఈ ప్రశ్న నేటిది కాదు. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున చీనాదేశమందు మెన్షియస్ అను తత్త్వవేత్త యుండెను. పసిబిడ్డ యొకడు నూతిలో పడబోవుట చూచినచో, ఎంతటి కఠినుడైనను ఉలికిపడి తీరునని ఆయన చెప్పెను. ఆ ఉలికిపాటు బిడ్డ తలిదండ్రుల మెప్పు కొఱకు కాదు, ఊరివారి పొగడ్త కొఱకును కాదు. కరుణ యనునది ప్రతి మానవునియందును మొలకవలె పుట్టుకతోనే యున్నదని ఆయన మతము. తరువాతి శతాబ్దమున అదే దేశమున షున్‌జీ యను మఱియొక పండితుడు దీనికి విరుద్ధముగా బోధించెను. మానవుడు పుట్టుకచే స్వార్థపరుడనియు, వంకరకొయ్యను కాచి సరిచేసినట్లు విద్యచేతను, నియమముచేతను అతనిని తీర్చిదిద్దవలెననియు ఆయన వాదించెను.

పాశ్చాత్యులలోను ఇట్టి భేదమే కనబడుచున్నది. తనతోపాటు పాలుత్రాగు మఱియొక బిడ్డను చూచి అసూయతో మొగము పాలిపోయిన శిశువును తాను చూచితినని క్రీ. శ. 400 ప్రాంతమున క్రైస్తవాచార్యుడైన అగస్టీన్ వ్రాసెను. పసితనమందును పాపచింత లేకపోలేదని ఆయన తలంపు. 17వ శతాబ్దమున ఆంగ్లతత్త్వవేత్త జాన్ లాక్ మనస్సును ఏమియు వ్రాయని తెల్లకాగితముతో పోల్చెను. అనుభవమే దానిపై వ్రాయు కలము. రూసో 1762లో ప్రకటించిన 'ఎమీల్' అను గ్రంథమున, బిడ్డ పుట్టుకచే మంచివాడే యనియు, సంఘమే వానిని చెఱచుచున్నదనియు చెప్పెను. వీరందఱును గొప్ప బుద్ధిమంతులే. కాని వీరి వాదములు ప్రధానముగా ఆలోచననుండి పుట్టినవి. బిడ్డను దినదినమును పరిశీలించుటనుండి పుట్టినవి కావు.

అట్టి పరిశీలనకు పూనుకొన్నవారిలో సుప్రసిద్ధుడు చార్లెస్ డార్విన్. జీవజాతుల పరిణామమును గూర్చి లోకమునకు తెలిపిన శాస్త్రజ్ఞుడాయనయే. 1839వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ఆయనకు మొదటి కుమారుడు జన్మించెను. బాలునికి విలియం అని పేరిడిరి. ఇంటిలో డాడీ యని ముద్దుగా పిలుచుకొనెడివారు. పక్షులను, కీటకములను గమనించిన శ్రద్ధతోనే డార్విన్ తన బిడ్డను గమనించి, వాడు ఏనాడు ఏమి చేసినదియు ఒక పుస్తకములో వ్రాసియుంచెను. ఆ వ్రాతలను 1877లో ఒక పత్రికలో ప్రకటించెను.

ఆ దినచర్యలో మన ప్రశ్నకు సంబంధించిన సంగతులు కొన్ని కలవు. బాలునికి ఆఱు నెలల పదునొకండు దినముల వయసున దాది ఏడ్చునట్లు నటించెను. వెంటనే వాని మొగము వాడిపోయెను. పెదవుల కొనలు క్రిందికి వ్రాలెను. ఇతరుల దుఃఖము తనకును సోకుట అప్పుడు స్పష్టముగా కనబడెనని డార్విన్ వ్రాసెను. రమారమి పదమూడు నెలల వయసున, తండ్రికి ముద్దు పెట్టని పిల్లవాడు మంచివాడు కాడని తండ్రియే యనగా, వాడు కొంత కలత చెందినట్లు కనబడెను. ధర్మబుద్ధి యొక్క తొలిజాడ ఇదియే యని డార్విన్ భావించెను. రెండేండ్ల మూడు నెలల వయసున బాలుడు తన చేతనున్న అల్లపు రొట్టెలో మిగిలిన చివరిముక్కను చెల్లెలికిచ్చెను. ఇచ్చి, తానెంత మంచివాడనో యని తన్ను తానే బిగ్గఱగా మెచ్చుకొనెను! దానము చేసినందులకు సంతోషమా? పొగడ్తమీది ప్రీతియా? ఆ చిన్నమనస్సులో రెండును కలిసియే యుండెను.

మఱి నాలుగు నెలలు గడచినవి. ఒకనాడు బాలుడు భోజనశాలనుండి వెలుపలికి వచ్చుచు తండ్రికెదురుపడెను. వాని కన్నులు వింతగా మెఱయుచుండెను. నడతయు కృత్రిమముగా నుండెను. తండ్రి లోపలికి పోయి చూడగా పిల్లవాడు పంచదార తీసికొన్నట్లు తెలిసెను. ఆ పని చేసినందులకు వానినెవ్వరును ఎన్నడును దండించి యుండలేదు. కావున ఆ వింతచూపులు భయమువలన వచ్చినవి కావనియు, చేయరాని పని చేయుటయందలి యొకవిధమైన ఉద్రేకమువలన వచ్చినవనియు డార్విన్ తలచెను. రెండు వారములకు అదే గదినుండి బాలుడు తన పైవస్త్రమును జాగ్రత్తగా చుట్టి పట్టుకొని వచ్చుచుండెను. అందులో ఏమున్నదని అడుగగా ఏమియు లేదనెను. పొమ్మని తండ్రిని పలుమాఱు కోరెను. విప్పి చూడగా వస్త్రమునిండ ఊరగాయరసపు మరకలు!

ఆ తండ్రి అపుడేమి చేసెను? బెత్తము తీయలేదు. ఆ బాలుని పెంపకమంతయు వాని మంచి భావములను మేల్కొలుపుట చేతనే జరిగెననియు, కొలదికాలమునకే వాడు సత్యవంతుడును, మనస్సు విప్పి మాటలాడువాడును, మెత్తని హృదయము గలవాడును ఆయెననియు డార్విన్ వ్రాసెను. చెల్లెలికి చివరిముక్క నిచ్చిన చేయియే ఊరగాయను దాచినది. ఒకదానిని చూచి బిడ్డను దేవతయనుటయు, మఱియొకదానిని చూచి దొంగయనుటయు రెండును తొందరపాటులే యని ఈ దినచర్యవలన తెలియుచున్నది.

అయినను డార్విన్ చూచినది ఒక్క బిడ్డను. అదియు తన సొంతబిడ్డను. ఒక్కచెట్టును చూచి అడవినంతటిని వర్ణింపరాదు. 20వ శతాబ్దమున స్విట్జర్లాండు దేశస్థుడైన జాన్ పియాజే పెక్కుమంది పిల్లలతో మాటలాడి, 1932లో పిల్లల నీతిభావమును గుఱించి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన పిల్లలకు జంటకథలు చెప్పి తీర్పు అడిగెడివాడు. ఒక బాలుని భోజనమునకు పిలువగా వాడు వచ్చి తలుపు త్రోసెను. తలుపు వెనుక పళ్లెములో 15 కప్పులున్న సంగతి వానికి తెలియదు. అవి యన్నియు పగిలెను. మఱియొక బాలుడు తల్లి ఇంట లేని సమయమున అలమరలోని పండ్లపాకమును దొంగతనముగా తినబోయి ఒక్క కప్పు పగులగొట్టెను. ఇద్దఱిలో ఎవడు ఎక్కువ చెడ్డవాడు? చిన్నపిల్లలలో పలువురు 15 కప్పులు పగులగొట్టినవాడే యనిరి. పెద్దపిల్లలు మాత్రము నష్టమును కాక ఉద్దేశమును చూచి తీర్పు చెప్పిరి. నీతిజ్ఞానము ఒక్కసారిగా వచ్చునది కాదనియు, వయసుతోను, తోడివారితో కలిసి ఆడుకొనుటచేతను మెట్టుమెట్టుగా పెరుగుననియు పియాజే నిర్ణయించెను.

కాని కథ విని తీర్పు చెప్పుటకు మాటలు రావలెను. మాటలు రాని శిశువును ప్రశ్నించుట యెట్లు? శిశువునకు నోరు లేకున్నను కన్నులును చేతులును కలవు. తనకు వింతయైనదానిని అది తదేకముగా చూచును. తనకు నచ్చినదానికై చేయి చాచును. ఈ రెండింటినే మాటలుగా గ్రహించి శాస్త్రజ్ఞులు కొన్ని ఉపాయములు పన్నిరి.

వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున జరిగినది. కైలీ హామ్లిన్, కరెన్ విన్, పాల్ బ్లూమ్ అను మువ్వురు దానిని నిర్వహించి 2007లో ప్రకటించిరి. తల్లి యొడిలోనున్న శిశువు ఎదుట చిన్న బొమ్మలాట జరుగును. కన్నులు అతికించిన కొయ్యబిళ్ల యొకటి కొండ యెక్కుటకు ప్రయత్నించుచుండును; ఎక్కలేక జారుచుండును. ఒకమాఱు వేఱొక బిళ్ల క్రిందినుండి వచ్చి దానిని పైకి నెట్టి సాయపడును. ఇంకొకమాఱు మూడవబిళ్ల పైనుండి వచ్చి దానిని క్రిందికి త్రోసివేయును. ఇట్లు పలుమాఱు చూపిన పిదప, సాయపడిన బిళ్లను, అడ్డుపడిన బిళ్లను ప్రక్కప్రక్కన ఉంచి శిశువు ముందు పెట్టుదురు. శిశువు దేనికై చేయి చాచునో చూతురు. రంగును చూచియో, ఆకారమును చూచియో శిశువు ఎన్నుకొనునేమో యని వానిని మార్చి మార్చి చూపిరి. కన్నులు లేని బిళ్లను ఎక్కించియు, దించియు చూపినపుడు శిశువులు ప్రత్యేకముగా ఒకదానిని ఎన్నుకొనలేదు.

ఫలితము ఆశ్చర్యకరముగా నుండెను. పది నెలల శిశువులు 16 మందిలో 14 మందియు, ఆఱు నెలల శిశువులు 12 మందిలో 12 మందియు సాయపడిన బిళ్లనే అందుకొనిరి! మాటలు రాకమునుపే, నడక రాకమునుపే, తనకు ఎట్టి లాభమును లేనిచోట, శిశువు ఉపకారిని మెచ్చి అపకారిని విడిచిపెట్టుచున్నదని ఆ శాస్త్రజ్ఞులు భావించిరి. ఈ వార్త దేశదేశములకు ప్రాకెను. మెన్షియస్ చెప్పిన మొలక కంటికి కనబడినదని పలువురు సంతోషించిరి.

అయితే శాస్త్రమున సంతోషము సాక్ష్యము కాదు. 2012లో న్యూజీలాండులోని ఒటాగో విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఒక సందేహమును వెలిబుచ్చిరి. కొండశిఖరము చేరిన బిళ్ల సంతోషముతో గంతులు వేయుచున్నట్లు ఆ బొమ్మలాటలో చూపబడినది. శిశువులు మెచ్చినది ఉపకారమునా, లేక ఆ గంతులనా? వారు గంతులను కొండ క్రిందికి మార్చి చూపగా, శిశువులు పలువురు అడ్డుపడిన బిళ్లనే యెన్నుకొనిరి. దీనికి యేల్ పరిశోధకులు బదులు చెప్పిరి. ఒటాగోవారి బొమ్మలాటలో ఎక్కు బిళ్ల కన్నులు పైకి నిలిచియుండలేదనియు, అందుచే అది పైకి పోగోరుచున్నదని శిశువులకు తెలియలేదనియు వారి వాదము. కొన్ని పరిశోధనశాలలలో మొదటి ఫలితమే తిరిగి వచ్చెను, కొన్నింటిలో రాలేదు.

ఇట్టి తగవు వచ్చినపుడు లోకములో సాధారణముగా ఏమి జరుగును? ఎవరి పక్షమువారు గొంతు పెంచుదురు. ఇక్కడ అట్లు జరుగలేదు. పలుదేశముల పరిశోధకులు కూడి, ఒకే పరీక్షను అందఱును ఒకే తీరున చేయుదమని ఒప్పందము చేసికొనిరి. ఫలితము చూచిన పిదప నియమములు మార్చుటకు వీలులేకుండ, పరీక్షా విధానమును ముందుగానే వ్రాసి విమర్శకులకు చూపి ఆమోదము పొందిరి. మొదటి పరీక్షను నడపిన కైలీ హామ్లిన్ కూడ వారిలో చేరెను. ఐదు ఖండములలోని 37 పరిశోధనశాలలలో, ఐదున్నర నెలలు మొదలు పదునెలల పదునైదు దినముల వఱకు వయసుగల శిశువులు వేయిమందికి పైగా ఈ పరీక్షకు వచ్చిరి. ఏడ్చినవారిని, నిద్రించినవారిని, ఇతర కారణములచే నియమములకు సరిపడనివారిని విడువగా 567 మంది మిగిలిరి.

ఫలితము 2024లో ప్రకటింపబడెను. సాయపడినదానిని ఎన్నుకొన్నవారు నూటికి 49 మంది మాత్రమే. నాణెము ఎగురవేసినను ఇంచుమించు ఇంతే వచ్చును గదా! అనగా, ఆఱునెలల బిడ్డ ఉపకారిని గుర్తించి మెచ్చునన్న మాట ఈ పెద్దపరీక్షలో నిలువలేదు.

దీనినిబట్టి శిశువునకు ధర్మబుద్ధి లేనేలేదని తేలినదా? అట్లనరాదు. ఈ పరీక్షలో ప్రత్యక్షముగా ఆడించు బొమ్మలాటకు మాఱుగా చలనచిత్రమును చూపిరి. ఆ భేదమువలన శిశువులకు కథ అందలేదేమో. కనబడకపోవుట వేఱు, లేకపోవుట వేఱు. కాని కనబడనిదానిని కనబడినదని చెప్పరాదు. బాలబాలికలారా! ఇచ్చట ఒక విషయమును గమనింపుడు. తనకు కీర్తి తెచ్చిన ఫలితమును తిరిగి పరీక్షకు పెట్టుటకు ఆమె తానే పూనుకొన్నది. తాను కోరిన సమాధానము రాకున్నను దానిని తోడివారితో కలిసి లోకమునకు ప్రకటించినది. శిశువులకు ధర్మబుద్ధి యున్నదో లేదో ఆ పరీక్షలో తేలలేదు గాని, పరీక్షించినవారియందది యున్నదని మాత్రము తేలినది.

మఱి శిశువునందు నిశ్చయముగా ఏమి చూచితిమి? మొదటిది, ఇతరుల బాధ శిశువును తాకుట. పుట్టి ఒకటి రెండు దినములే గడచిన శిశువులు మఱియొక శిశువు ఏడ్పు విని తామును ఏడ్చుట చాలకాలముగా గమనింపబడినది. 1982లో ప్రకటింపబడిన యొక పరీక్షలో, ఊరకున్న శిశువులకు వారి సొంత ఏడ్పునే యంత్రముద్వారా వినిపింపగా వారంతగా ఏడువలేదు. ఇతర శిశువు ఏడ్పు వినిపింపగా ఏడ్చిరి. ఇది కరుణయని చెప్పుటకు వీలులేదు. అయినను కరుణ ఎక్కవలసిన మెట్లలో మొదటిది ఇదియే కావచ్చును.

రెండవది, అడుగకుండ సాయపడుట. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో అను వారు పదునెనిమిది నెలల పిల్లలతో జరిపిన పరీక్షను 2006లో ప్రకటించిరి. పిల్లవానికి పరిచయములేని పెద్దమనుష్యుడొకడు బట్టలారవేయుచు, బట్టలకు పెట్టు కొయ్యపట్టును జారవిడిచి, అందక చేయి చాచును. ఇంకొకమాఱు చేతులనిండ పుస్తకములతో వచ్చి అలమర తలుపు తెఱువలేక నిలుచును. సాయము చేయుమని నోటితో కోరడు. చేసినందులకు ఏమియు ఇయ్యడు. అయినను 24 మంది పిల్లలలో 22 మంది ఒక్కమాఱైనను సాయపడిరి. పలువురు కొన్ని క్షణములలోనే లేచి, తప్పటడుగులు వేయుచు పోయి, వస్తువును తీసియిచ్చిరి. ఆ మనుష్యుడే వస్తువును కావలెనని విసరివైచినపుడు మాత్రము వారట్లు పరుగెత్తలేదు. అనగా వస్తువును తెచ్చుట వారికి ఆట కాదు. ఎదుటివాని అవసరమును వారు కనిపెట్టగలిగిరి.

ఆ పరిశోధకులే 2008లో మఱియొక విశేషమును ప్రకటించిరి. ఇరువది నెలల పిల్లలలో కొందఱికి సాయపడినపుడెల్ల ఒక ఆటవస్తువును బహుమానముగా ఇచ్చిరి. కొందఱికి ఏమియు ఇయ్యలేదు. తరువాత బహుమానములు మానివేయగా, మొదట బహుమానము పొందినవారే తక్కువగా సాయపడిరి. తనంతట వచ్చు మంచిపనికి వెలకట్టినచో అది బేరమగును. మంచితనమును పెంచబోయి త్రుంచుట కూడ సాధ్యమేయని పెద్దలు దీనివలన గ్రహింపవలెను.

ఇంతవఱకు మొలకను చూచితిమి. దాని కొఱతలను కూడ చూడవలెను. 2007లో బోస్టన్, పారిస్ నగరములందలి పది నెలల శిశువులకు ఇద్దఱు స్త్రీలను చలనచిత్రమున చూపిరి. ఒకతె ఇంగ్లీషు, ఒకతె ఫ్రెంచి మాటలాడెను. పిదప ఇద్దఱును మాటలాడక ఒకే తీరు బొమ్మలను అందిచ్చిరి. శిశువులు తమ ఇంటి భాష మాటలాడిన స్త్రీ ఇచ్చిన బొమ్మవైపే ఎక్కువగా మొగ్గిరి. ఇందు ద్వేషమేమియు లేదు. అలవాటైనదానియందు ప్రీతి మాత్రమే. కాని ఆ ప్రీతికి చదువు, సంస్కారము తోడుకాకున్నచో, "మనవారు, పరాయివారు" అను గోడ అక్కడనే లేచును. పరాయివానిని కూడ మనవానిగా చూచుట పుట్టుకతో వచ్చునది కాదు, నేర్చుకొనవలసినది.

మఱియొక పరీక్ష ఇంకను ముఖ్యమైనది. భారతదేశము, అమెరికా, కెనడా, మెక్సికో, పెరూ, సెనెగల్, యుగాండా అను ఏడు దేశములలో, 4 మొదలు 15 ఏండ్ల వయసుగల పిల్లలు 866 జంటలపై జరిగిన యీ పరీక్ష 2015లో ప్రకటింపబడెను. ఇద్దఱు పిల్లలు ఎదురెదురుగా కూర్చుందురు. మిఠాయిబిళ్లలు ఇద్దఱిముందును పంచి పెట్టబడును. ఒకరికి ఒప్పుకొనుటకో, త్రోసిపుచ్చుటకో అధికారముండును; త్రోసిపుచ్చినచో ఇద్దఱికిని ఏమియు దక్కదు. తనకు ఒకటియు ఎదుటివానికి నాలుగును వచ్చినపుడు, ఇది న్యాయము కాదని తన ఒక్కటి కూడ వదలుకొనుట ఏడుదేశముల పిల్లలలోను కనబడెను. కాని తనకు నాలుగును ఎదుటివానికి ఒకటియు వచ్చినపుడు? అదియు అన్యాయమే గదా! ఆ నాలుగింటిని వదలుకొనుట మూడు దేశముల పిల్లలలో, అనగా కెనడా, అమెరికా, యుగాండాలలో మాత్రమే, అదియు కొంత పెద్దవయసున కనబడెను.

ఇందలి సారమును ఆలోచింపుడు. "నాకు తక్కువ వచ్చినది" అను మొఱ ఎవరును నేర్పకయే వచ్చునట్లున్నది. "నాకు ఎక్కువ వచ్చినది, ఇది తగదు" అను మాట మాత్రము ఆలస్యముగాను, కొన్నిచోట్లనే, చుట్టునున్నవారి నడతను బట్టియు వచ్చునట్లున్నది. మొదటిది న్యాయబుద్ధిలో సగము; రెండవది మిగిలిన సగము. ఆ రెండవ సగమే కష్టమైనది. వరుసలో మనకంటె ముందు వేఱొకడు చొరబడినపుడు మనకు వెంటనే కోపము వచ్చును. మనమే చొరబడినపుడు అంత త్వరగా సిగ్గు వచ్చునా?

కాబట్టి మన రెండు సామెతలును అబద్ధములు కావు. మానవశిశువు తెల్లకాగితముగా పుట్టుట లేదు. ఎదుటివాని ఏడ్పునకు కదలు మనస్సును, పడినదానిని అందించు చేయిని ఎవరును పాఠము చెప్పకయే చూపుచున్నది. అది పూర్తి ధర్మజ్ఞునిగాను పుట్టుట లేదు. దాని ప్రీతి ఇంటిగడప దాటదు. దాని న్యాయము తన పళ్లెమునొద్దనే మొదలగును. విత్తనము పుట్టుకతో వచ్చినదే. దానికి నీరుపోయువారు, కంచె కట్టువారు మాత్రము చుట్టునున్న మనుష్యులు.

మరల అరుగుమీది పాపయొద్దకు పోవుదము. తాతగారు "తాతకేదమ్మా?" యని చేయి చాచుట ఆటగా కనబడును. కాని ఇచ్చినచో ఎదుటివాడు సంతోషించునని ఆ ఆట పాపకు తెలుపుచున్నది. ఇచ్చినది తిరిగి వచ్చుటచే భయమును పోగొట్టుచున్నది. లంచము చూపుట లేదు, బెదరింపు లేదు. పాపయందున్న మొలకను అది ప్రతిదినమును తట్టి లేపుచున్నది. సాయంకాలమున అన్న బొమ్మను లాగుకొన్నందులకు ఆ పాపను "దొంగ" యని పిలిచినచో మాత్రము, తనకింకను తెలియని తప్పునకు పేరు మోయునది ఆ పాపయే.

మీలో పెక్కుమందికి ఇంట చిన్నతమ్ములును, చెల్లెండ్రును కలరు. వారు మీ నోటిమాటలకంటె మీ చేతులను ఎక్కువగా చూచుచుందురు. మీ వాటాకు ఎక్కువ వచ్చినపుడు మీరేమి చేయుదురో వారు చూచుచున్నారు. ఈ మాఱు ఇంట మిఠాయి పంచునపుడు పెద్దముక్క మీకు వచ్చినచో, ఒక్క క్షణమాగి వారివైపు చూడుడు. న్యాయబుద్ధిలోని రెండవ సగము వారికి అక్కడనే అలవడవలెను.

ప్రశ్నలు

1. పాఠమున చెప్పబడిన రెండు సామెతల భావమేమి? వానిలో ఏది నిజమని పాఠము చెప్పుచున్నది?
2. డార్విన్ తన కుమారునియందు గమనించిన సంగతులను మీ సొంతమాటలలో వ్రాయుడు. కుమారుని తప్పు బయటపడినపుడు ఆయన నడత ఎట్టిది?
3. పియాజే చెప్పిన రెండు కథలలో ఎవరు ఎక్కువ తప్పు చేసిరి? మీ తీర్పునకు కారణము చెప్పుడు.
4. 2007లో వచ్చిన ఫలితమునకును, 2024లో వచ్చిన ఫలితమునకును గల భేదమేమి? దీనివలన శాస్త్రజ్ఞులకు ఉండవలసిన గుణమేదియని మీరు గ్రహించితిరి?
5. మంచిపనికి బహుమానమిచ్చుట ఎల్లపుడును మేలు చేయునా? లైప్‌జిగ్ పరీక్ష నాధారముగా చర్చింపుడు.
6. "న్యాయబుద్ధిలో రెండవ సగము" అనగా నేమి? మీ బడిలోనో, ఇంటిలోనో జరిగిన యొక సంగతిని ఉదాహరణముగా వ్రాయుడు.